జనగణన నేర్చుకుందాం - 3వ పాఠం: మీ ఇంటి ఫారంలో ఎవరి పేర్లు ఉండాలి?

జనగణన ఎందుకు చేస్తారో, ఎవరు చేస్తారో గత రెండు పాఠాల్లో చూశాం. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పేస్తాం. అదే ప్రశ్న జనగణన ఫారంలో కనిపిస్తే మాత్రం కాస్త నిదానించాలి. చదువుకని, ఉద్యోగమని మనుషులు వస్తూ పోతూ ఉండే ఇళ్లే ఎక్కువ. అలాంటి ఇంటికి కూడా సరైన జాబితా రాయగలగడమే ఈ పాఠం.

ముందు చూసుకోవాల్సింది గణన క్షణం. మామూలుగా దేశం మొత్తానికీ ఒకే తేదీ పెట్టుకుని, అప్పటికి ఎవరున్నారో లెక్కిస్తారు. అమెరికాలో అది 2020 ఏప్రిల్ 1, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మార్చి 21. భారతదేశంలో 2011లో చాలా ప్రాంతాలకు ఫిబ్రవరి 28 ముగిసి మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రిని పెట్టుకున్నారు. వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లు అక్కడ ఇళ్లకు వెళ్లింది మాత్రం ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మరి 12న రాసుకుని వెళ్లిన ఇంట్లో 25న బిడ్డ పుడితే? అందుకే మార్చి 1 నుంచి 5 వరకు మరో విడత తిరిగి, మధ్యలో జరిగిన చావుపుట్టుకలను సరిచేశారు.

ఇక్కడ మనసుకు కష్టమనిపించే సందర్భాలుంటాయి. ఆ అర్ధరాత్రికి పది నిమిషాల ముందు పుట్టిన పాప లెక్కలోకి వస్తుంది, పది నిమిషాల తర్వాత పుట్టిన పాప రాదు. అర్ధరాత్రి దాటాక కన్నుమూసిన తాతగారి పేరు రాయాలి. రాసే చెయ్యి వణికినా రాయాల్సిందే, ఎందుకంటే ఆ క్షణానికి ఆయన ఉన్నారు. ఫారం ఏ రోజు నింపినా జవాబులు గణన క్షణం నాటివే.

తర్వాతి ప్రశ్న: ఎవరిని ఏ ఇంట్లో రాయాలి? దీనికి రెండు పద్ధతులున్నాయి. ఆ రాత్రి ఎక్కడుంటే అక్కడే రాయడం ఒకటి. ఆస్ట్రేలియా 2021 ఆగస్టు 10 రాత్రి అలాగే చేసింది, మామూలుగా ఉండే చిరునామాను వేరే ప్రశ్నగా అడిగింది. రెండోది, ఆ రాత్రి ఎక్కడున్నా సాధారణంగా నివసించే చోట రాయడం. గత 12 నెలల్లో ఎక్కువ కాలం, అంటే కనీసం ఆరు నెలల ఒక రోజు ఉన్న చోటును సాధారణ నివాసంగా తీసుకోవచ్చని ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు చెబుతాయి. సెలవులకో, పని మీదో కొన్నాళ్లు బయటికి వెళ్లినంత మాత్రాన నివాసం మారదు. మీ దేశం ఏ పద్ధతి పాటిస్తుందో ఫారం సూచనల్లో ఉంటుంది. పేర్లు రాయకముందే అది చదవండి.

హాస్టల్ పిల్లల దగ్గర తడబాటు ఎక్కువ. ఉదాహరణకు, అమెరికా లెక్కల్లో కాలేజీ దగ్గర ఉండి చదివేవాళ్లను అక్కడే రాస్తారు. నా బిడ్డ పేరు నా ఇంటి జాబితాలో లేకపోవడమేంటని అమ్మానాన్నలూ రాసేస్తే, ఒకే మనిషి రెండుసార్లు లెక్కలోకి వస్తారు.

అంతకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది పసిపిల్లలు తప్పిపోవడం. 2020 అమెరికా గణనను తర్వాత సర్వేతో సరిచూస్తే, అయిదేళ్లలోపు పిల్లల లెక్క నికరంగా 2.79 శాతం తగ్గిందని తేలింది. అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డను, రెండిళ్ల మధ్య తిరిగే బిడ్డను అవతలి ఇంటివాళ్లు రాసి ఉంటారులే అని వదిలేయడం చాలా సులువు. పదేళ్లకోసారి లెక్కించే దేశంలో రెండేళ్ల వయసులో తప్పిపోయిన బిడ్డ, మళ్లీ లెక్కకు వచ్చేసరికి పన్నెండేళ్లకు చేరుతుంది. బడులు, టీకాలు, వైద్యం ప్లాన్ చేసేవాళ్లకు ఆ బిడ్డ ఇన్నాళ్లూ కనిపించనట్టే. కాబట్టి చంటిపిల్లల పేర్లే ముందు రాయండి. ఇంకా పేరు పెట్టలేదా? పేరు లేదన్న కారణంతో మాత్రం వదిలేయకండి.

ఒక ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబమా అన్నది కొన్ని దేశాల్లో తిండిని బట్టి తేలుస్తారు. కలిసి వండుకుని తినేవాళ్లు, చుట్టాలు కాకపోయినా, ఒకే కుటుంబం. ఒకే కప్పు కింద వేరుగా వండుకునేవాళ్లు వేరే కుటుంబం. ఇంకొన్ని దేశాల్లో ఒక ఇంట్లో ఉన్నవాళ్లందరినీ కలిపే రాస్తారు.

ఇప్పుడు అభ్యాసం. ఒక ఇంట్లో భార్యాభర్తలు ఉంటారు. భర్త రెండు వారాల పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. కొడుకు తొమ్మిది నెలలుగా హాస్టల్లో ఉంటున్నాడు. మనవరాలు ఏడాదిగా వీళ్ల దగ్గరే పెరుగుతోంది. రెండేళ్లుగా ఇక్కడే ఉండి, వీళ్లతోనే తినే ఆయా ఉంది. గణన రాత్రి ఒక చుట్టం వచ్చి పడుకున్నాడు. రెండు పద్ధతుల్లోనూ జాబితా రాసి, ఆ తర్వాతే కింద జవాబు చూడండి.

జవాబు: ఆ రాత్రి ఉన్నవాళ్లను లెక్కిస్తే భార్య, మనవరాలు, ఆయా, చుట్టం. సాధారణ నివాసులను లెక్కిస్తే భార్య, భర్త, మనవరాలు, ఆయా. రెండిట్లోనూ నలుగురే వచ్చారు, కానీ చుట్టం స్థానంలో భర్త వచ్చాడు. కాబట్టి మొత్తం ఒక్కటే చూసి సరిపోయిందనుకోకుండా, పేరు పేరుకూ సరిచూసుకోండి. సాధారణ నివాసుల జాబితాలో మీకు చుట్టం పేరు ఉండిపోతే పైన నివాసం గురించిన పేరా, ఆయా తప్పిపోతే కుటుంబం గురించిన పేరా మళ్లీ చదవండి.

వచ్చే పాఠం: వయసు ప్రశ్నకు 'ఓ నలభై ఉంటాయేమో' అనే జవాబు ఎందుకు పనికిరాదు?