బేస్ లేనిది వెనక పెట్టొద్దు: సెక్స్ టాయ్స్ వాడేవాళ్లకి ఓటీ సిస్టర్ చెప్పే జాగ్రత్తలు

పోయిన నెల ఒక రాత్రి, రెండున్నర దాటాక, ఒకాయన్ని ఓటీకి, అంటే ఆపరేషన్ థియేటర్‌కి, తెచ్చారు. నలభై దాటిన మనిషి. క్యాజువాలిటీలో "మొలలు, మూడు రోజులుగా విరేచనం లేదు" అని రాయించుకున్నాడు. ఎక్స్‌రే తెర మీదికి రాగానే మా వాళ్లెవరూ మాట్లాడలేదు. జానెడు పొడుగు వైబ్రేటర్, అందులో రెండు బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి, స్పష్టంగా. మొదటిరోజు ఆముదం తాగాడట. రెండోరోజు ఎనిమా. మూడోరోజు గరిటె కాడతో లాగబోయాడు. పేగుకి చిల్లు పడింది. ఇప్పుడు మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టుకుని తిరుగుతున్నాడు, ఇంకొన్ని నెలలు తప్పదు. మత్తు ఇచ్చే ముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట: "సిస్టర్, మా ఆవిడకి మొలలనే చెప్పండి."

గుంటూరులో ఓటీ నర్సుగా ఇరవై ఏళ్లు దాటాయి నాకు. ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. వాడే మనుషుల్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. పెళ్లైనవాళ్లు, ఒంటరివాళ్లు, అరవై దాటినవాళ్లు కూడా కొంటున్నారు, మసాజర్ అన్న పేరుతో ఇంటికే వస్తున్నాయి. వాడాక కడగాలి, పిల్లలకి అందనివ్వకూడదు అని మీకు ఒకరు చెప్పాలా? అవి వదిలేస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒక్కటి. బేస్ లేనిది వెనక పెట్టొద్దు.

బేస్ అంటే కింద చక్రంలా వెడల్పుగా ఉండే అంచు. లోపలికి వెళ్లే భాగం కంటే బాగా వెడల్పు ఉండాలి, నొక్కితే మడతపడకూడదు. యోని లోపల గర్భాశయ ముఖం దగ్గర దారి మూసుకుపోతుంది. అక్కడ వస్తువు ఇరుక్కోవచ్చు, పైకి మాయమవదు. మలద్వారం అలా కాదు. పురీషనాళం జానెడు కూడా ఉండదు, ఆ తర్వాత పెద్దపేగు మలుపు తిరిగి పైకి పోతూనే ఉంటుంది. ద్వారం దగ్గర కండరం గట్టిది, వస్తువు దాటగానే మూసుకుంటుంది. చేతికి జారుడు కోసం రాసిన జెల్లీ ఉంటుంది, వేళ్లు జారతాయి, అంతే. "నేను చివర గట్టిగా పట్టుకునే ఉన్నాను సిస్టర్" అని చెప్పనివాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఐఎస్ఓ 3533 అని ఈ వస్తువులకి 2021లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అది మొదలవడానికి కారణం స్వీడన్‌లో ఒక సర్జన్. ఇలా ఇరుక్కున్నవి తీసి తీసి విసుగెత్తి, వీటికొక ప్రమాణం ఉండాలని పట్టుబట్టాడు. మా సార్లకి చెబితే నవ్వారు, ఆయన బాధ వాళ్లకి బాగా తెలుసు కాబట్టి.

ఇక శుభ్రం సంగతి. కడగాలని మీకు తెలుసు, ఎలాగో చెబుతాను. ముందు అది దేనితో చేసిందో తెలియాలి. అసలు సిలికాన్, స్టీలు, బోరోసిలికేట్ గాజు, గట్టి ప్లాస్టిక్: వీటికి సూక్ష్మ రంధ్రాలుండవు, కడిగితే శుభ్రమవుతాయి. మెత్తగా జెల్లీలా ఉండి, పెట్టె తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టేవి వేరు. వాటికి రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా లోపల క్రిములు మిగులుతాయి. అలాంటిది వాడితే ప్రతిసారీ పైన కొత్త కండోమ్ తొడగండి. జిగట మొదలైతే పారేయండి. ఎంత పెట్టి కొన్నా సరే.

ఒక్కరే వాడుకునేదానికి గోరువెచ్చని నీళ్లు, వాసనలేని తేలికపాటి సబ్బు చాలు. డెట్టాల్ వద్దు, ఫినాయిల్ అసలే వద్దు, అవి అక్కడి చర్మాన్ని మండిస్తాయి. మోటారు లేని సిలికాన్‌దైతే మరుగుతున్న నీళ్లలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచొచ్చు. "అత్తగారు వంటింట్లోంచి కదలదు, ఎప్పుడు మరిగించను?" అని ఒకమ్మాయి అడిగింది. రోజూ మరిగించక్కర్లేదు తల్లీ, సబ్బు చాలు. మరిగించే రోజున మాత్రం సాంబారు గిన్నె తియ్యకు. ఛార్జింగ్ పెట్టేదైతే వాటర్‌ప్రూఫ్ అని స్పష్టంగా రాసుంటేనే నీళ్లలో ముంచాలి. లేకపోతే తడిగుడ్డకి సబ్బు రాసి తుడిచి, మళ్లీ ఉత్త తడిగుడ్డతో తుడవండి.

కడిగిన తర్వాతే మనవాళ్లు పాడుచేసుకునేది. ఎవరో వస్తున్న చప్పుడు వినగానే తడితడిగానే పాలిథిన్ కవర్లో చుట్టి, బీరువాలో చీరల కింద తోసేస్తారు. నాలుగు రోజుల తర్వాత తీస్తే నల్లటి చుక్కలు. వానాకాలమైతే ఇంకా ముందే. పూర్తిగా ఆరనివ్వండి, నూలుగుడ్డ సంచిలో పెట్టండి. సిలికాన్‌దీ జెల్లీదీ ఒకే సంచిలో వేస్తే ఒకదానికొకటి అంటుకుని కరిగినట్టవుతాయి. చీరల మధ్య కలరా ఉండలుంటే అక్కడ పెట్టొద్దు. ఆ ఘాటు మెత్తటి రబ్బరుకి పట్టేస్తుంది, మరునాడు అది తగిలేది ఎక్కడో ఆలోచించండి.

రోహిణి కార్తెకి మరో జాగ్రత్త. మామూలు లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చెయ్యకూడదు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో రేకుల గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పాలా. ఎవరూ చూడకూడదని దిండు కింద పెట్టి ఛార్జి చేస్తే ఇంకా ఘోరం. రాత్రి చల్లబడ్డాక, గచ్చు మీద, కళ్లెదుట పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బినదాన్ని మళ్లీ ప్లగ్గులో పెట్టొద్దు.

అదే నెల ఆవకాయ నెల కూడా. మిర్చి యార్డుకెళ్లి మిరపకాయలు తూయించుకుని తెచ్చినా, కారం కలిపినా, చేతుల్లో మంట దాక్కునుంటుంది. కారంలో మంట పుట్టించే పదార్థం నీళ్లకి లొంగదు. ముందు వంటనూనె రాసి తుడిచి, తర్వాత రెండుసార్లు సబ్బు. మన ఊళ్లో ఈ మాట చెప్పక్కర్లేదనుకున్నాను, ఒక దంపతులు పరుగెత్తుకొచ్చేదాకా.

జెల్లీ కొనేటప్పుడు మెడికల్ షాపులో సిగ్గుపడి "జెల్లీ ఇవ్వండి" అని ఊరుకోవద్దు. మూత్రం గొట్టం వేసేటప్పుడు వాడే మత్తు జెల్లీ, లిగ్నోకైన్, చేతిలో పెడతారు. అది రాస్తే నొప్పి తెలీదు. నొప్పి తెలీకపోతే చినుగుతున్నదీ తెలీదు. నీటితో చేసిన లూబ్రికెంట్ అని నోరు తెరిచి అడగండి. పదేళ్లకి పైబడి షుగరున్నవాళ్లకి మత్తు రాయకుండానే స్పర్శ తగ్గి ఉండొచ్చు, మీరు ఇంకా మెల్లగా.

కొబ్బరినూనె, వాజలైన్ వద్దు, కండోమ్ రబ్బరు నిమిషాల్లో బలహీనపడుతుంది.

సిలికాన్ వస్తువుకి సిలికాన్ జెల్లీ రాయొద్దు, పైపొర పాడవుతుంది.

వెనక వాడింది కడగకుండా ముందు వాడొద్దు. మలంలోని క్రిములు మూత్రనాళంలోకి వెళతాయి. కండోమ్ తొడిగారా, అదైనా మార్చండి.

ఒకరిది ఇంకొకరికి ఇవ్వొద్దు. ఇవ్వక తప్పదంటే మధ్యలో కొత్త కండోమ్.

గోళ్లు కత్తిరించండి.

పుండు, మంట, రక్తం ఉన్నప్పుడు వద్దు. కాన్పైన కొత్తలో డాక్టరమ్మ సరే అనేదాకా వద్దు.

మగవాళ్లు అంగానికి తొడిగే రింగు ఇరవై నిమిషాలకి మించి ఉంచొద్దు. పెట్టుకుని నిద్రపోవద్దు.

ఆటోనగర్‌లో దొరికే బేరింగులు, నట్లు, వాషర్లు రింగులు కావు. బేరింగు ఉక్కు మా ఆసుపత్రి కట్టరుకి తెగదు. వాపు గంటగంటకీ పెరుగుతుంది.

వంకాయ, కీరా, కొవ్వొత్తి, డియోడరెంటు డబ్బా, బల్బు, సీసా. దేనికీ బేస్ లేదు. వద్దు.

తాగి ఉన్నప్పుడు వద్దు.

కింద తాడు కట్టాం కదా అంటారు. తాడు తెగుతుంది. బేస్ లేనిది వెనక పెట్టొద్దు.

ఇరుక్కుందా, ఆముదం తాగొద్దు. ఎనిమా వద్దు. పటకారు, గరిటె, స్పూను, ఏదీ లోపల పెట్టొద్దు. ముక్కి ముక్కి ప్రాణం తీసుకోవద్దు.

తెల్లారేదాకా ఆగొద్దు. ముందుగా వస్తే చాలామందికి కోత లేకుండానే కింది నుంచి తీసేస్తారు. మత్తులో కండరం వదులవుతుంది, అందుకే మీ ఇంట్లో రానిది మా దగ్గర వస్తుంది.

పొట్ట చెక్కలా బిగిసినా, జ్వరమొచ్చినా, వాంతులైనా, రక్తం పడినా నిమిషం ఆగొద్దు, 108కి చెయ్యండి.

బయల్దేరాక నీళ్లు కూడా తాగొద్దు. మత్తు ఇవ్వాల్సి రావొచ్చు.

మొలలని చెప్పొద్దు. మీరు మొలలంటే మొలలకే చూస్తారు, ఎక్స్‌రే తీసేసరికి రెండు గంటలు పోతాయి. కౌంటర్లో చెప్పడానికి సిగ్గేస్తే లోపల సిస్టర్ని పక్కకి పిలిచి చెప్పండి: వస్తువు లోపల ఉంది, ఇంత పొడుగు, గాజుదా ప్లాస్టిక్‌దా, ఇన్ని గంటలైంది. అది వచ్చిన పెట్టె ఇంట్లో ఉంటే సంచిలో వేసుకుని తీసుకురండి.