ఈశాన్య రుతుపవనాలకు ముందు తుప్పు పరిశోధన విద్యార్థులకు జాగ్రత్తలు

చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. జూన్ వానలకు అలవాటుపడి తెలంగాణ నుంచి వచ్చిన విద్యార్థులు ఇక్కడి ఆగస్టు, సెప్టెంబరు నెలలను తీరిక కాలంగా భావించడం కద్దు. లోహపు పలకలను మేడ మీద సముద్రపు గాలికి వదిలి, వాటి ఉపరితలం నెలల తరబడి ఎలా మారుతుందో గమనించదలచినవారు సన్నాహమంతా ఆ రెండు నెలల్లోనే ముగించుకోవాలి. వాతావరణం తెచ్చే మార్పులో మన చేతులు తెచ్చే మార్పు కలవకుండా చూసుకోవడమే ఇందులో పెద్ద పని.

పలకను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. చెమటలోని ఉప్పు అంటుకున్న చోట కొద్ది రోజులకే వేలిముద్ర గీతల వెంట తుప్పు తేలుతుంది. పౌడరు లేని గ్లవ్స్ వేసుకుని, అసిటోనుతోను, ఆపై ఆల్కహాలుతోను కడిగి, ఆరబెట్టి, డెసికేటరులో (లోపలి గాలిని పొడిగా ఉంచే మూత పాత్రలో) ఉంచి, ఆ తర్వాతే తూచాలి. అందులో తేమను పీల్చేందుకు వేసే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందంటే అది తేమను ఇక పీల్చదని అర్థం. నంబరును పెయింటుతో రాస్తే తుప్పు కింద కనబడకుండా పోతుంది కనుక, అంచున గాట్లు పెట్టి, ఏ పలక ఎక్కడుందో నోట్‌బుక్కులో పటం గీసుకోవాలి. అదే బ్యాచి పలకలు కొన్నింటిని బయట పెట్టకుండా డెసికేటరులోనే దాచాలి. ఇవి లేకపోతే తర్వాతి కొలతలను దేనితోనూ పోల్చలేము.

స్టాండుకు పలకలను ప్లాస్టిక్ లేదా పింగాణీ బిగింపులతోనే అమర్చాలి, ఎందుకంటే ఉక్కు రాగికి తగిలితే ఆ జంట వల్లే ఉక్కు వేగంగా తుప్పు పడుతుంది. ఒక పలక మీది నీరు ఇంకోదాని మీద కారకూడదు. ఆకాశం వైపు ముఖాన్ని వాన కడిగేస్తుంది, కింది ముఖం మీద ఉప్పు పేరుకుని నిలిచిపోతుంది కనుక ఒక్కోసారి కిందే ఎక్కువ తుప్పు పడుతుంది. అందువల్ల రెండు ముఖాలకూ ఫోటోలు తీయాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చెట్లెన్నో కూలాయి. ఆ స్థాయి గాలిని దృష్టిలో పెట్టుకుని స్టాండును గట్టిగా బిగించాలి. ఉరుములున్నప్పుడు మేడ ఎక్కవద్దు. తప్పిన కొలతను తప్పినట్టే రాసుకుంటే సరిపోతుంది.

వాతావరణం లోహాన్ని ఎంతగా తుప్పు పట్టిస్తుందో వర్గీకరించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 ప్రకారం గాలిలో తేమ 80 శాతం మించి, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల పైన ఉన్న వేళలను తడి సమయంగా లెక్కిస్తారు. చెన్నైలో ఆ రెండో షరతు ఎటూ నెరవేరేదే. కరెంటు పోయి ఏసీ ఆగిన ల్యాబులోనూ తేమ ఆ హద్దు దాటగలదు కనుక, లోపల దాచిన పలకల దగ్గర కూడా తేమ మీటరు ఉండాలి. చల్లటి గదిలోంచి తెచ్చిన శాంపిల్ డబ్బాను, అది బయటి వేడికి సర్దుకునే దాకా తెరవవద్దు, తెరిస్తే పలక మీద చెమ్మ పడుతుంది.

తుప్పులో ఏ పదార్థాలున్నాయో లేజరు కాంతితో గుర్తించే రామన్ పరీక్షలో లేజరు శక్తిని బాగా తగ్గించి మొదలుపెట్టాలి. కొత్త తుప్పులో ఉండే లెపిడోక్రొసైట్ అనే ఇనుప సమ్మేళనం లేజరు వేడికి హెమటైట్ అనే మరో ఇనుప ఆక్సైడుగా మారిపోతుంది, ఆ హెమటైట్‌ను వానే పుట్టించిందని నివేదికలో రాసే ప్రమాదం ఉంది. కొలత అయ్యాక అదే చుక్కను మైక్రోస్కోపులో చూసి, రంగు మారిందేమో సరిచూసుకోవాలి. ఎక్స్‌రేలతో ఉపరితలాన్ని పరీక్షించే ఎక్స్‌పీఎస్ పైనున్న కొద్ది నానోమీటర్లనే చూస్తుంది, ఆ పలుచని పొర ఈలోగా గాలి తగిలి మారవచ్చు కాబట్టి, పలకను దించిన గంట, యంత్రంలో పెట్టిన గంట రెండూ రాయాలి.

ఎంత లోహం పోయిందో తూచే ముందు పలక మీది తుప్పు తొలగించాలి. అందుకు వాడే ద్రావణంలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, యాంటిమొనీ ఆక్సైడు, స్టానస్ క్లోరైడు ఉంటాయి. ఫ్యూమ్ హుడ్ (ఆవిరులను బయటికి లాగేసే ల్యాబు గూడు) వెలుపల దాని మూత తీయకూడదు, వాడాక సింకులో పారబోయకూడదు. దాచిన శుభ్రమైన పలకను కూడా అంతే సేపు అందులో ముంచి, అది కోల్పోయిన బరువును మిగతా పలకలు కోల్పోయిన బరువు నుంచి తీసివేయాలి.