నేపాల్ మిషన్ ట్రిప్‌కి బెలూన్లు కాదు, గుండీలు సర్దుకోండి

మా చర్చి సంఘంలో ఈ ఏడాది కూడా నేపాల్ మిషన్ ట్రిప్‌కి, అంటే అక్కడి అనాథాశ్రమంలో కొన్ని రోజులు సేవ చేసొచ్చే యాత్రకి, పేర్లు రాసుకుంటున్నారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు యూత్ పిల్లలు నా దగ్గరికొచ్చి, "ఆంటీ, అక్కడ అనాథాశ్రమంలో పిల్లకాయలకు ఏం తీసుకెళ్లాలి?" అని అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

తిరుపతిలో ఒక బాలికల హోంలో 14 ఏళ్లు వార్డెన్‌గా చేశాను. విదేశాల నుంచి వచ్చే టీములకు గేటు తీసింది నేనే. ఉద్యోగం మానేశాక నేనూ అలాంటి టీములోనే బ్యాగు సర్దుకుని ఖాట్మండు పోయాను. గేటు లోపల ఉండి నేర్చుకున్నదంతా గేటు బయట నిలబడగానే మర్చిపోయి, వాళ్లు చేసిన తప్పులే చేశాను.

ముందు లోపలి సంగతి చెప్తాను. మా హోంకి ప్రతి డిసెంబరులో ఒక టీము వచ్చేది. పది రోజులుండేవాళ్లు. బెలూన్లు, ముఖాలకు రంగులు, పాటలు, ఫొటోలు. ఒకసారి వచ్చిన ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, మా ఐదేళ్ల పాప ఒకదాన్ని చంక దించేది కాదు. తానే తినిపించేది, తానే జడ వేసేది. వెళ్లేరోజు తన హెయిర్‌బ్యాండు తీసి పాప తలకు పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చి వ్యాను ఎక్కింది. ఆ ఏడుపు రేణిగుంట ఎయిర్‌పోర్టు దాకా ఉండుంటుంది. ఇక్కడ మా పాప మూడు రోజులు సంగటి ముట్టలేదు. స్నానానికి కూడా హెయిర్‌బ్యాండు తీయనిచ్చేది కాదు. గేటు దగ్గర బండి చప్పుడైతే చాలు, పరిగెత్తేది. పాల వ్యాను అని చూసి వెనక్కొచ్చేది. ఫిబ్రవరికి ఆ పరుగు ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. మళ్లీ డిసెంబరులో కొత్త టీము దిగగానే, ముందు ఎవరు చేయి చాపితే వాళ్ల మెడకు చుట్టుకుపోయింది. వాళ్లేమో "ఎంత ప్రేమ గల పిల్లో" అని మురిసిపోయారు. వరసగా మనుషులు వదిలేసి పోతుంటే పిల్లలు అలా తయారవుతారని నేను నోరు తెరిచి చెప్పలేదు. విరాళం ఇచ్చే చేతులకు ఎదురు చెప్పే ధైర్యం అప్పట్లో నాకు లేదు.

అందుకని ట్రిప్‌కి డబ్బు కట్టకముందే ఆశ్రమం గురించి ఆరా తీయండి. "అయ్యగారికి (మా పాస్టరుకు) తెలిసినవాళ్లే" అంటే సరిపోదు. ఫోన్ చేసి అడగండి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా? ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయాలు ఉన్నారు? మేం లోపలికి రావాలంటే ఏం కాగితాలు చూపించాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా వినండి. కనీసం ఐడీ కార్డు చూడకుండా మొదటిరోజే పిల్లల్ని మీ ఒళ్లో కూర్చోబెట్టి వెళ్లిపోయే ఆశ్రమం, మీకన్నా ముందొచ్చిన వాళ్లకూ అలాగే అప్పగించి ఉంటుంది. మా హోంలో కొత్తవాళ్లు ఎవరొచ్చినా పోలీసు వెరిఫికేషన్ కాగితం అడిగేదాన్ని. కొందరు చిన్నబుచ్చుకునేవాళ్లు. చిన్నబుచ్చుకోనీ.

ఇంకొక ప్రశ్న ఉంది. నేను మొదటిసారి అడగనిది. "పోయిన ఏడాది మీ దగ్గర నుంచి ఎంతమంది పిల్లలు తిరిగి సొంతింటికి వెళ్లారు?"

అనాథలకు సొంతిల్లేమిటి అంటారా? ఖాట్మండులో మేం దిగిన ఆశ్రమంలో పెద్దాయన మొదటిరోజే, "వీళ్లెవరికీ ఎవరూ లేరు" అని చెప్పాడు. ఆ రాత్రి ప్రార్థనలో మా టీమంతా కన్నీళ్లు పెట్టుకుంది. నాలుగోరోజు సాయంత్రం పిల్లలు హోంవర్క్ చేసుకుంటున్నారు. అక్కడ ఆయాను అందరూ దీదీ అంటారు. దీదీ ఫోన్ మోగింది. ఆమె ఒక పేరు పిలిచింది. తొమ్మిదేళ్ల పిల్ల పెన్సిల్ పారేసి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులతో ఫోన్ చెవికి అదుముకుని "ఆమా!" అంది. నాకు నేపాలీ రాదు. ఆ ఒక్క మాటకు ఎవరి అనువాదమూ అక్కర్లేకపోయింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పది నిమిషాలు మాట్లాడింది. దీదీ నావైపు చూడలేదు. తర్వాత పాత్రలు తోముతున్నప్పుడు ఆమె వచ్చీరాని హిందీలో, నా వచ్చీరాని హిందీలో తెలిసిందేమిటంటే, తండ్రి పోయాడు, తల్లి హుమ్లాలో పొలం పని చేస్తోంది, చదువు కోసం ఇక్కడికి పంపింది.

హుమ్లా అంటే నేపాల్‌కు వాయవ్యాన, టిబెట్ సరిహద్దు దగ్గరుండే కొండ జిల్లా. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం నడిచినప్పుడు అలాంటి జిల్లాల్లో దళారులు తిరిగి, "ఖాట్మండులో మంచి బడిలో వేస్తాం" అని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని మరీ పిల్లల్ని తెచ్చారు. తెచ్చి ఆశ్రమాల్లో పెట్టి అనాథలని చూపించారు. చూసిపోవడానికి, డబ్బిచ్చిపోవడానికి విదేశీయులు దొరుకుతారు కాబట్టి ఆశ్రమాలు కూడా ఎక్కువగా ఖాట్మండు, పోఖరా లాంటి టూరిస్టు ఊళ్ల చుట్టే వెలిశాయి. ప్రపంచం మొత్తం మీద ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో పదిమందికి ఎనిమిదిమందికి కనీసం తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ అనే పిల్లల సంస్థ అంచనా. మనం పట్టుకెళ్లే కానుక ఆ తల్లికి చేరితే పిల్ల ఊళ్లోనే చదువుకునేదేమో. అనాథాశ్రమం పేరు పెట్టి పిల్లల్ని దేశం దాటించడమో, ఊరు దాటించడమో అక్రమ రవాణా కిందికే వస్తుందని ఆస్ట్రేలియా పార్లమెంటు 2018లోనే గుర్తించింది. అక్కడి కొన్ని టీములు అప్పటి నుంచి ఆచితూచి వెళ్తున్నాయి. మన సంఘాలకు ఈ మాట ఇంకా చేరలేదు.

రెండోసారి నేను వెళ్లింది పిల్లల్ని ఇళ్లకు పంపే పని చేసే చోటికి. స్వాగత డాన్సు లేదు, దండలు లేవు. మా టీములో ఇద్దరికి అది వెలితిగా అనిపించింది కూడా.

ప్రయాణం సంగతులు త్వరగా చెప్పేస్తాను. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఒరిజినల్ ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఆధార్ కార్డు చెల్లదు. చెన్నై ఎయిర్‌పోర్టు దాకా పోయి ఒకాయన వెనక్కి రావాల్సి వచ్చింది. రైల్లో అయితే చెన్నై నుంచి గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సునౌలి సరిహద్దు, ఆపైన కొండదారిలో బస్సు. నడుం గట్టిగా ఉంటేనే. మన 100 రూపాయలకు వాళ్లవి 160 వస్తాయి. అంగడిలో ధర చెప్తే "ఐసీనా, ఎన్‌సీనా" అని అడగండి. ఐసీ అంటే మన డబ్బు, ఎన్‌సీ అంటే వాళ్లది. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోండి. ఖాట్మండు మన తిరుమల కన్నా ఎత్తు, అక్టోబరు రాత్రుళ్లకు స్వెట్టరు కావాలి. అక్కడ సెలవు శనివారం, చర్చిల్లో ఆరాధన కూడా శనివారమే. అందరూ "జయమసీ" అంటారు, మన వందనాలు లాగా.

ఇక పెద్దవాళ్లకు కోపం వచ్చే మాట. పిల్లలకు కరపత్రాలు, కథల పుస్తకాల రూపంలో సువార్త పంచొద్దు. 2017లో చేసిన నేపాల్ శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్పించడం, అందుకు ప్రోత్సహించడం నేరం. 5 ఏళ్ల వరకు జైలు, వాళ్ల డబ్బులో 50 వేల రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయిన 7 రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. మనం విమానం ఎక్కి వచ్చేస్తాం, కేసు మాత్రం అక్కడి దీదీల మెడకు చుట్టుకుంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అన్నం పెట్టే చోట ప్రార్థన చేయమంటే వద్దనగలిగే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? నేను విశ్వాసినే. నా ప్రార్థన నా గదిలో చేసుకున్నాను.

ఫొటోల మాట. మన దేశంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం హోంలో ఉన్న పిల్లల పేరు, ఫొటో బయటపెడితే 6 నెలల వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మా హోంలో గోడ మీద అంటించి పెట్టాను. అంత తెలిసి కూడా మొదటి ట్రిప్‌లో ఒక బాబుతో దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టాను. గంటలో 80 మంది చూశారు. తర్వాత తీసేశాను గానీ చూసిన కళ్లను తీసేయలేం కదా. మీ బిడ్డ ఫొటో ముక్కూమొహం తెలియనివాళ్లు "పాపం అనాథ" అని పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒంటరిగా ఏ పిల్లతోనూ గదిలో ఉండొద్దు, స్నానాల దగ్గరికీ పడకల దగ్గరికీ పోవద్దు, ఇంకో పెద్దమనిషి కనబడేచోటే కూర్చోండి. తేడాగా ఏదైనా కనిపిస్తే మౌనంగా రాకండి. చిత్రమేమిటంటే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు అక్కడా ఇక్కడా ఒకటే, 1098.

మరి చేయాల్సిన పనేమిటి? దీదీకి సాయం. రోజూ ఉండేది ఆమె, పిల్లలు అతుక్కోవాల్సింది ఆమెకు. మీరు ఆమె చేతిలో పని అందుకుంటే ఆమెకు పిల్లలతో కూర్చునే తీరిక దొరుకుతుంది. కూరగాయలు తరగండి, బట్టలు మడతపెట్టండి, కుళాయి బిగించండి. మొదటిసారి నేను గాంధీ రోడ్డులో కొని తీసుకెళ్లిన రెండు వందల బెలూన్లు పావుగంటలో పగిలాయి, అవి దొరకని ముగ్గురు ఏడ్చారు. రెండోసారి అదే రోడ్డులో తెల్ల గుండీలు, దారపు ఉండలు, సూదులు కొన్నాను. మొత్తం కలిపి మూడు వందలు కూడా కాలేదు. దీదీ బడి చొక్కాల కుప్ప తెచ్చి డాబా మీద ఎండలో పోసింది. దారం రెండు పేటలు చేసి, నాలుగు కన్నాల్లోంచి రెండేసి సార్లు తీసి, గుండీ కింద మూడు చుట్లు చుట్టి ముడి వేయాలి. లేకపోతే వారంలో ఊడుతుంది. పన్నెండేళ్ల పిల్లోడు ఒకడు, చొక్కాకి గుండీ బదులు పిన్నీసు పెట్టుకున్నవాడు, విప్పి ఇచ్చి బనీనుతో నిలబడ్డాడు. కుట్టి ఇచ్చాక గుండీ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు. తలూపి వెళ్లిపోయాడు. నా పేరు కూడా అడగలేదు.

మొదటి ట్రిప్‌లో ఫొటో దిగానన్నానే, ఆ బాబుకు "మళ్లీ దసరాకి వస్తా" అని మాటిచ్చాను. దసరాకి మా అమ్మాయి కాన్పు వచ్చింది. తర్వాత దీదీ ఫోన్‌లో చెప్పింది, వాడు పండగ నాలుగు రోజులూ తన మంచంలో సగం వదిలి పడుకున్నాడట, ఆంటీ వస్తే ఉండాలని. ఆ తర్వాత ఏ పిల్లకీ తేదీ చెప్పలేదు. "మళ్లీ వస్తారా?" అంటే "తెలియదు నాన్నా" అనే చెప్పండి. ఎన్ని రోజులుంటారో మొదటిరోజే చెప్పి, క్యాలెండర్ మీద గీత పెట్టండి. వెళ్లేటప్పుడు నిద్రపోతుంటే దొంగలా జారుకోవద్దు. పగలే, అందరికీ చెప్పి, ఏడవకుండా వెళ్లండి. ఏడుపు బస్సులో ఏడ్చుకోవచ్చు.

ట్రిప్‌కి మాకు తలా 30 వేలు దాకా అయ్యాయి. అంత పెట్టలేనివాళ్లు బాధపడక్కర్లేదు. తిరుపతిలోనే ఏదైనా హాస్టల్‌కో హోంకో అనుమతి తీసుకుని, ప్రతి శనివారం లెక్కలు చెప్పడానికి రెండేళ్లు తప్పకుండా వెళ్లగలరా చూడండి. వెళ్లగలిగితే నేపాల్‌కన్నా అదే మేలని నా అభిప్రాయం, అయ్యగారికి కూడా చెప్పాను. ఆయన ఇంకా జవాబివ్వలేదు.

పేర్లు ఇచ్చేసినవాళ్లు మాత్రం ఈ శుక్రవారం సాయంత్రం ఒక పాత చొక్కా తీసుకుని మా ఇంటికి రండి. గుండీ కుట్టడం నేర్పిస్తాను. అబ్బాయిలు కూడా.