పులికాట్‌లో రాజహంసలను బెదరగొట్టకుండా చూడటం ఎలా?

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడటానికి తిరుపతి నుంచి సూళ్లూరుపేట వైపు కార్లు బయల్దేరతాయి. పొద్దెక్కాక పులికాట్ సరస్సు చేరతారు. రోడ్డు మీద బండి ఆపి అందరూ ఒక్కసారే దిగుతారు, తలుపులు దభీమని వేస్తారు, పిల్లలు కేకలు పెడతారు. పక్షుల గుంపు మొత్తం లేచి ఎక్కడో దూరాన వాలుతుంది. ఇంటికొచ్చి "ఏముందక్కడ, తెల్లటి గీత తప్ప" అంటారు. అక్కడ చూడాల్సింది బోలెడుంది. చూసే పద్ధతి తెలియక తామూ పోగొట్టుకుంటున్నారు, పక్షుల కడుపూ కొడుతున్నారు. ఇది చూసీ చూసీ విసుగొచ్చే రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు నుంచి మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఇంట్లోంచి కదలండి. పొద్దు పొడిచేసరికి సరస్సు మీద ఉండాలి. ఎండ ముదిరితే నీళ్ల మీద సెగ ఆడి, ఎంత మంచి బైనాక్యులర్‌లో చూసినా పక్షి వణుకుతున్నట్టే కనిపిస్తుంది.

డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి రోజులు. అయితే క్యాలెండర్ కన్నా నీటిమట్టాన్ని నమ్మాలి. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పేరుకు పెద్దదే కానీ లోతు తక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, వేసవికి ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోతుంది. రాజహంస నీళ్లలో నిలబడి, తల తలకిందులు చేసి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటుంది. కాబట్టి దాని కాళ్లకు అందే లోతు ఉండాలి. వానలు గట్టిగా కురిసిన ఏడాది డిసెంబరులో నీళ్లు లోతుగా ఉండి రోడ్డు దగ్గర పక్షులు పలచగా ఉంటాయి. ఆ ఏడాది జనవరి ఆఖరు దాకా ఆగండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వెళ్లొద్దు. స్టేజీ కార్యక్రమాలు, తిరునాళ్ల సందడి కావాలంటే అది వేరే సంగతి. పక్షుల కోసమైతే మామూలు రోజు, అదీ ఆదివారం కానిది చూసుకోండి.

బైనాక్యులర్ 8×42ది (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) కొనండి. 10×50 కొంటే బరువుకు చేయి వణుకుతుంది, గాలికి బొమ్మ నిలవదు. ఇక మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్లు. డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. పక్షుల అభయారణ్యం, పైగా పక్కనే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం (షార్). అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకూడదు.

రోడ్డుకు ఏ వైపు చూడాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ ఇంచుమించు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపుకు ఒరిగే ఉంటాడు. అందుకే రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూడండి. వెలుతురు మీ వెనక నుంచి వచ్చి పక్షి మీద పడుతుంది, రెక్కల గులాబీ రంగు తేటగా తెలుస్తుంది. దక్షిణం వైపు చూస్తే కనిపించేవి నల్లటి నీడలే. ఇంత చిన్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోరు. అదే రోడ్డు మీద ముందున్న అటకానితిప్ప దాకా వెళ్లినా ఇదే పద్ధతి. శ్రీహరికోట చెక్‌పోస్టు దాటి లోపలికి ఊరికే పోనివ్వరు కాబట్టి ఆలోపే చూసుకోవాలి.

దగ్గరకు చేరడం

అంతా చెడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఆ రోడ్డు మీద షార్ బస్సులు, లారీలు, బైకులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. కదిలే బండిని పక్షులు లెక్కచేయవు. వాటికి భయం వేసేది ఆగిన బండిని చూసి, అందులోంచి దిగిన మనిషిని చూసి. అందువల్ల గుంపు కనిపించగానే దానికి ఎదురుగా ఆపకండి. ముందే వేగం తగ్గించుకుని, గుంపుకు రెండు మూడు వందల మీటర్ల ఇవతల, మార్జిన్ వెడల్పుగా ఉన్నచోట ఆపి ఇంజను కట్టేయండి. పది నిమిషాలు ఎవరూ దిగొద్దు. అద్దం దించి లోపలి నుంచే చూడండి. బండిలో కూర్చున్న మనిషి ఆకారం పక్షికి తెలియదు. దిగి నిలబడగానే తెలుస్తుంది. పిల్లలకు ఈ మాట సూళ్లూరుపేటలోనే చెప్పాలి, అక్కడికెళ్లాక చెబితే వినరు.

ఈ పది నిమిషాలు తలలు గమనించండి. తలలన్నీ నీళ్లలో ఉంటే పక్షులు నిశ్చింతగా మేస్తున్నట్టు. అక్కడొకటి ఇక్కడొకటి తల ఎత్తితే మిమ్మల్ని చూశాయని అర్థం, కదలకుండా ఉండండి. మెడలన్నీ నిటారుగా లేచి, గుంపంతా మీకు వీపు పెట్టి ఒకే వైపుకు నడక మొదలెడితే ఇంకాసేపట్లో ఎగరబోతున్నాయి. అప్పుడు ఇంకో ఫొటో కోసం ముందుకు పోకూడదు. అక్కడే ఆగాలి, వీలైతే వెనక్కి జరగాలి. మళ్లీ తలలు నీళ్లలోకి దిగేదాకా అంతే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఒక్కోసారి గుంపంతా మెడలు ఎత్తి, తలలు కుడికీ ఎడమకూ చకచకా తిప్పుతూ, మధ్యమధ్య రెక్కలు విప్పి చూపిస్తూ బిగువుగా నడుస్తుంది. అది భయం కాదు, జత కట్టే ముందు ఆడే ఆట. భయపడిన గుంపు మీ నుంచి దూరంగా జరుగుతుంది, తలలు అలా తిప్పదు. ఈ ఆట దొరికితే ఇంకెక్కడికీ కదలకండి, ఎంతసేపైనా చూడండి.

దిగాల్సి వస్తే గుంపుకు అవతలి వైపు తలుపు తీసుకుని ఒక్కొక్కరే దిగి, బండి చాటునే నిలబడండి. తలుపు చప్పుడు కాకుండా ఒత్తి వేయాలి. గుంపు వైపుకు తిన్నగా నడవొద్దు. వంగి వంగి నక్కుతూ అస్సలు వెళ్లొద్దు, వేటకు వచ్చే జంతువు నడక అలాగే ఉంటుంది. నీళ్లలో వల లాగే జాలరికి పక్షులు అంతగా బెదరవు, ఎందుకంటే అతను వాటి వైపు చూడడు, తన పని తను చేసుకుంటాడు. సరస్సులోకి కూడా దిగకండి. పైకి గట్టి నేలలా కనిపించే బురద మోకాలి దాకా లాగేస్తుంది.

పడవలో వెళితే ఇంకా దగ్గరగా చూడొచ్చని కొందరంటారు. నేను ఒప్పుకోను. పక్షులు మేసేది లోతు తక్కువ ఉన్నచోట, పడవ అక్కడికి పోలేదు. పోయినా మోటారు చప్పుడుకు లేచిపోతాయి. రోడ్డు పక్కన ఓపికగా కూర్చున్నవాళ్ల దగ్గరకు గుంపు మేసుకుంటూ తనే జరిగి వస్తుంది.

చప్పట్లు కొట్టి, హారన్ మోగించి, రాళ్లు విసిరి లేపడం మాత్రం క్షమించరానిది. రెక్క విప్పితే లోపలి ఎరుపు, అంచుల నలుపు కనిపిస్తాయని, ఆ ఫొటో కోసం ఇలా చేస్తారు. "ఎగిరి మళ్లీ వాలతాయి కదా, ఏమవుతుంది?" అని అడుగుతారు. రాజహంస ఉన్నచోటు నుంచి ఊరికే లేవలేదు. నీళ్ల మీద పరుగెత్తి, బలం కూడదీసుకుని లేవాలి. దాని తిండి బురదలో ఉండే చిన్న చిన్న పురుగులు, రొయ్యల్లాంటి జీవులు, నాచు. గంటల తరబడి వడగడితే గానీ కడుపు నిండదు. ఒక కారు లేపి పోతే అరగంటకు ఇంకో కారు వచ్చి లేపుతుంది. పొద్దస్తమానం ఇదే జరిగితే అవి మేసేదెప్పుడు? ఓపిక పడితే వాటంతట అవే ఎగురుతాయి. గద్ద పైనుంచి పోయినప్పుడో, మేత చోటు మార్చుకునేటప్పుడో లేస్తాయి. ఆ ఫొటో అప్పుడు తీసుకోండి.

బూడిద రంగులో ఉన్నవాటిని వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు. గులాబీ రంగు తినే తిండిలోంచే వస్తుంది, అది ఎక్కడానికి ఏళ్లు పడుతుంది.

తిరుగు దారిలో నేలపట్టు

తొమ్మిదిన్నర, పదికల్లా పులికాట్ చాలించి సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి, నీడపట్టున కాసేపు పడుకోండి. మూడు దాటాక నాయుడుపేట వైపు వస్తూ దొరవారిసత్రం మండలంలోని నేలపట్టుకు వెళ్లండి. చెరువు నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు గూళ్లు కడతాయి. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చి పిల్లలకు పెడతాయి కాబట్టి పొద్దున కన్నా అప్పుడే బాగుంటుంది. వాచ్‌టవర్ మీద గొంతు తగ్గించి మాట్లాడండి. ఇక్కడ తల్లి బెదిరి లేస్తే గూట్లోని గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. గూడు నుంచి జారిపడిన పిల్ల కనిపిస్తే చేత్తో పట్టుకోకండి, నీళ్లు తాగించకండి, ఫొటో కోసం చుట్టూ మూగకండి. గేటు దగ్గర ఉండే అటవీశాఖ వాచర్‌కు ఏ చెట్టు కిందో గుర్తుపెట్టుకుని చెప్పండి.