జర్మన్ పూర్వీకుల జాడ – 4వ పాఠం: చర్చి పుస్తకంలో ఒక్క ఎంట్రీ చదవడం

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. గుంటూరు వాళ్లు ఫాదర్ హయ్యర్ అని ఇప్పటికీ తలుచుకునే లూథరన్ మిషనరీ 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆయన్ని పంపింది అమెరికా చర్చి, కానీ ఆయన పుట్టింది జర్మనీలో. ఊరు హెల్మ్‌ష్టెట్, తేదీ 1793 జూలై 10. ఆయన పుట్టిన రికార్డు కోసం ఎక్కడికి వెళ్లాలి?

ష్టాండెస్‌ఆమ్ట్‌కి, అంటే జనన మరణాలు రాసుకునే ప్రభుత్వ ఆఫీసుకి వెళ్తే దొరకదు. ఆ ఆఫీసులు జర్మన్ రాజ్యాల్లో అన్నిటికంటే పెద్దదైన ప్రష్యాలో 1874 అక్టోబర్ 1న మొదలయ్యాయి, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1న. రైన్ నదికి పడమటి వైపు మాత్రం ఫ్రెంచివాళ్లు 1798 నుంచే రాయించారు కానీ, హెల్మ్‌ష్టెట్ ఆ వైపు కాదు. కాబట్టి జవాబు: హెల్మ్‌ష్టెట్ లూథరన్ చర్చిలో 1793 నాటి బాప్తిస్మ పుస్తకం. అందులో కూడా జూలై 10 దగ్గరే ఆగిపోకుండా తర్వాతి రెండు వారాలు చూడాలి. చాలా పుస్తకాలు బాప్తిస్మం తేదీ వరుసలో సాగుతాయి. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకి ఆ బాప్తిస్మం జరిగేది.

1876కి వెనక్కి పోవాలంటే దాదాపు ప్రతి దారీ చర్చి గుమ్మంలోంచే పోతుంది. అందుకే ఈ పాఠమంతా చర్చి పుస్తకం మీదే. జర్మన్‌లో దీన్ని కిర్షెన్‌బూఖ్ అంటారు.

ఎక్కడ చూడాలో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కుటుంబం ప్రొటెస్టెంట్ అయితే ఆర్కియోన్ అనే వెబ్‌సైట్, దానికి చందా కట్టాలి. కాథలిక్ అయితే మాట్రికులా, అది ఉచితం. అన్ని ఊళ్ల పుస్తకాలూ వీటిలో లేవు. లేని వాటికి ఆ ప్రాంతపు చర్చి ఆర్కైవ్‌కి ఈమెయిల్ రాయాలి. అసలు పుస్తకం కాలిపోయిందని జవాబొచ్చినా అక్కడితో ఆగకండి. ప్రష్యాలో 1794 చట్టం ప్రకారం చర్చి పుస్తకానికి నకలు రాసి కోర్టుకి అప్పగించాలి. ఆ నకలు ఏ ప్రభుత్వ ఆర్కైవ్‌లోనో భద్రంగా ఉండొచ్చు. ముప్ఫై ఏళ్ల యుద్ధం (1618–1648) నాటికి ముందు పుస్తకాలు మాత్రం చాలా ఊళ్లలో మిగల్లేదు.

రాత చూసి భయపడకండి

మొదటిసారి ఆ పేజీ తెరిచినప్పుడు నాకు ఏడుపొచ్చింది. జర్మన్ బాగానే వచ్చు, అయినా ఒక్క మాట అర్థం కాలేదు. అది కురెంట్ అనే పాత చేతిరాత. మన కరణాల గొలుసుకట్టు రాత చూసినవాళ్లకి ఈ అనుభవం తెలిసే ఉంటుంది: అదీ మన తెలుగే, కానీ కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయిన చేతికి అలవాటు పడేదాకా కన్ను దేన్నీ పట్టుకోలేదు.

కురెంట్‌లో ముందుగా నాలుగు చిక్కులు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం ఇందులో చిన్న ‘ఎన్’లా కనిపిస్తుంది. అసలు ‘ఎన్’, ‘యు’ రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే ‘యు’ మీద చిన్న కొక్కెం పెడతారు. పొడుగు ‘ఎస్’, ‘ఎఫ్’ రెండూ నిలువు గీతలే, అడ్డగీత ఉన్నది ‘ఎఫ్’. ‘ఎమ్’ మీదో ‘ఎన్’ మీదో చిన్న అడ్డగీత ఉంటే ఆ అక్షరం రెండుసార్లు ఉన్నట్టు. పాత ఉత్తరాలు చదివిన ఇళ్లలో జ్యూటర్లీన్ అన్న మాట వినే ఉంటారు. అది కురెంట్‌ని బడి పిల్లల కోసం తేలిక చేసిన రూపం. 1915 నుంచి ప్రష్యా బళ్లలో నేర్పారు, 1941లో ఆపేశారు. చర్చి పుస్తకాల్లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా అంతకు ముందు తరాల కురెంటే.

నేర్చుకునే పద్ధతి ఒకటే, రాయడం. చార్టు గోడకి అంటించి చూస్తూ కూర్చుంటే రాదు. మీరు వెతుకుతున్న ఇంటిపేరు, ఊరి పేరు, పన్నెండు నెలల పేర్లు కురెంట్‌లో రోజూ ఒక పేజీ రాయండి. పది రోజులకి చెయ్యి కన్నుకి నేర్పుతుంది. తర్వాత పాస్టర్ ఒక్కొక్కరికీ విడిగా ఒక కాగితం పెట్టుకోండి. చదవగలిగిన మాటల్లోంచి ఆయన అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి ఆ కాగితం మీద దించండి. పాస్టర్ మారితే కాగితం మార్చండి. నా దగ్గర ఒక్క ఊరికే ఇలాంటివి ఏడున్నాయి.

నెలల విషయంలో ఒక గొయ్యి ఉంది. పాత ఎంట్రీల్లో ఏడు అంకె వేసి పక్కన ‘బెర్’ అని రాసి ఉంటే అది జూలై కాదు, సెప్టెంబర్. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. ఎనిమిది ‘బెర్’ అక్టోబర్, తొమ్మిది ‘బెర్’ నవంబర్, రోమన్ పది వేసి ‘బెర్’ అంటే డిసెంబర్. ఇంకొకటి: ప్రొటెస్టెంట్ రాజ్యాల్లో 1700లో ఫిబ్రవరి 18 తర్వాతి రోజు మార్చి 1. క్యాలెండర్ మార్చుకున్నారు. ఆ మధ్య తేదీలు పుస్తకంలో లేవంటే పేజీలు చిరిగాయని కంగారు పడకండి.

ఇప్పుడు ఒక ఎంట్రీ

అభ్యాసం కోసం నేనే కూర్చిన నమూనా ఇది. 1837 సంవత్సరం, మరణాల పుస్తకం అనుకోండి. చదివితే ఇలా వినిపిస్తుంది:

‘డెన్ 9టెన్ మెర్ట్స్ ష్టార్బ్ డెర్ టాగెలోనెర్ యొహాన్ హైన్రిష్ ష్మిట్, ఆల్ట్ 63 యారె 4 మోనాటె 12 టాగె, హింటర్‌లెస్ట్ డీ విట్‌వె ఆన్నా మారియా గెబోరెనె వేబెర్ ఉంట్ డ్రై కిండెర్. ఔస్‌ట్సేరుంగ్. బెగ్రాబెన్ డెన్ 11టెన్.’

మార్చి 9న కూలిమనిషి యొహాన్ హైన్రిష్ ష్మిట్ చనిపోయాడు. వయసు 63 ఏళ్ల 4 నెలల 12 రోజులు. భార్య ఆన్నా మారియా, పుట్టింటి పేరు వేబెర్, ముగ్గురు పిల్లలు మిగిలారు. జబ్బు ఔస్‌ట్సేరుంగ్. 11న పూడ్చారు.

జబ్బు పేరు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఔస్‌ట్సేరుంగ్ అంటే మనిషి లోపల్నించి తరిగిపోవడం. మన ‘క్షయ’కి అర్థం కూడా అదే కదా. చాలాసార్లు అది టీబీయే. ‘విట్‌వె’ కూడా మనకి పరాయి మాట కాదు. సంస్కృతంలో ‘విధవా’, జర్మన్‌లో ‘విట్‌వె’ ఒకే వేరు నుంచి వచ్చినవి.

సరే, లెక్క చేద్దాం. 1837 మార్చి 9 నుంచి 63 ఏళ్లు తీసేస్తే 1774 మార్చి 9. నాలుగు నెలలు తీస్తే 1773 నవంబర్ 9. పన్నెండు రోజులు వెనక్కి వెళ్తే 1773 అక్టోబర్ 28. అదే ఊళ్లో పుట్టి ఉంటే బాప్తిస్మ పుస్తకంలో అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో ఆయన దొరకాలి. పాస్టర్ తన దగ్గరున్న పాత పుస్తకం చూసి వయసు లెక్కగట్టి ఉంటే తేదీ దాదాపు సరిగ్గా కలుస్తుంది. ఇంట్లోవాళ్లు నోటితో చెప్పింది రాసుకుని ఉంటే ఏడాదో రెండేళ్లో తేడా రావచ్చు. పక్క ఊరి నుంచి వచ్చినవాడైతే మరీను.

మిగతా దారులూ ఆ ఎంట్రీలోనే ఉన్నాయి. ‘గెబోరెనె’ తర్వాత వచ్చిన పేరు ఆమె పుట్టింటిది, కాబట్టి వాళ్ల పెళ్లి ఎంట్రీ వెతకొచ్చు. 1700ల్లో అయితే ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుస్తారు. మ్యుల్లెరిన్ అని కనిపిస్తే ఆ ఇంటిపేరు మ్యుల్లెర్ అన్నమాట. ‘టాగెలోనెర్’ అంటే సొంత భూమి లేని రోజుకూలీ. ఇలాంటివాళ్లు పని దొరికిన చోటికల్లా వెళ్లేవాళ్లు. పిల్లల్లో ఒకరు పక్క ఊరి పుస్తకంలో తేలితే ఆశ్చర్యపోకండి.

పేరు దగ్గర ఒక హెచ్చరిక. ఆ ఊళ్లో యొహాన్లు ఇంటికి ముగ్గురుంటారు. బాప్తిస్మంలో రెండు మూడు పేర్లు పెడతారు, ఇంట్లో పిలిచేది వాటిలో ఒకటి, ఎక్కువగా చివరిది. దాన్ని రూఫ్‌నామె అంటారు, కొందరు పాస్టర్లు దాని కింద గీత గీస్తారు. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకి మళ్లీ అదే పేరు పెట్టడం మామూలే. అందుకే పేరు కలిసిందని సంబరపడి చెట్టులో ఎక్కించకండి. ముందు మరణాల పుస్తకం తిప్పి, ఆ పేరుగల పసిబిడ్డ ఎవరైనా పోయారేమో చూడండి. ఆ పేజీలు తిప్పడం కష్టంగా ఉంటుంది, ఒక్కో చలికాలంలో వరసగా పసిపిల్లలే ఉంటారు. అయినా చూడాలి.

ఇల్లరికం పోతే ఇంటిపేరు పోయింది

మా మామగారిది జర్మనీ వాయవ్యాన ఉన్న వెస్ట్‌ఫాలియా ప్రాంతం. ఆయన తాతగారి తాత పుట్టుక కోసం నేను ఐదు నెలలు వెతికాను. చనిపోయిన ఎంట్రీ ఉంది, పిల్లల బాప్తిస్మాలున్నాయి, వయసు లెక్క కుదిరింది, ఊరు తెలుసు. ఆ ఇంటిపేరుతో ఆ ఏడాది మగబిడ్డే పుట్టలేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లు చూశాను, లేడు. చివరికి పెళ్లి ఎంట్రీ తీశాను. అందులో వరుడి తండ్రి ఇంటిపేరు వేరే ఉంది. రాసినాయన పొరపాటు చేశాడనుకుని ఇంకో వారం పోగొట్టుకున్నాను.

పొరపాటు నాదే. వెస్ట్‌ఫాలియాలో ఇంటిపేరు మనిషిది కాదు, పొలంతో కూడిన ఆ ఇంటిది. కొడుకుల్లేని ఇంటి వారసురాలిని పెళ్లాడి ఆ ఇంటికి వెళ్లిన అల్లుడికి ఆ ఇంటి పేరే వస్తుంది. మన దగ్గర ఇల్లరికం వెళ్లినా ఇంటిపేరు మారదు, దత్తత వెళ్తేనే మారుతుంది. అక్కడ ఇల్లరికంతోనే మారిపోయేది. అతను చనిపోయి ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో భర్తకీ అదే పేరు. పిల్లలందరికీ అదే. మన ఊళ్లలో ‘పెద్దింటివాళ్లు’, ‘తోటింటివాళ్లు’ అని పిలవడం ఉంది కదా, ఆ పిలుపే అక్కడ రికార్డుల్లోకి ఎక్కింది.

దీనికి గుర్తు ‘గెనాంట్’ అన్న మాట. ‘ష్మిట్ గెనాంట్ వెస్ట్‌హోఫ్’ అని ఉంటే పుట్టిన పేరు ష్మిట్, ఇప్పుడు పిలిచేది వెస్ట్‌హోఫ్. కాని ప్రతి పాస్టరూ ఆ మాట రాయడు. కాబట్టి వెస్ట్‌ఫాలియా వాళ్లని వెతికేటప్పుడు మరణం నుంచి నేరుగా జననానికి దూకకండి, మధ్యలో పెళ్లి ఎంట్రీ తప్పనిసరిగా చదవండి. నేను అది మొదటి రోజే తీసి ఉంటే ఐదు నెలలు మిగిలేవి.

బీరువాలో దొరికే ఆ చిన్న పుస్తకం

జర్మన్ ఇళ్లలో పాత కాగితాలు వెతికేటప్పుడు ఆనెన్‌పాస్ అనే చిన్న పుస్తకం దొరకడం మామూలు. మూడు నాలుగు తరాల పేర్లు, తేదీలు, ఊళ్లు, పక్కన చర్చి ముద్రలు. పరిశోధకుడికి అది నిధిలా కనిపిస్తుంది. అది ఎందుకు పుట్టిందో తెలుసుకుని తెరవండి. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక, యూదుల రక్తం లేదని ప్రభుత్వ ఉద్యోగులు, తర్వాత మరెందరో చర్చి పుస్తకాల నుంచి రుజువు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ముద్రలు అవే. క్రైస్తవంలోకి మారిన యూదుల మనవల్ని ఏరిపారేసింది కూడా ఈ బాప్తిస్మ పుస్తకాల ఆధారంతోనే. మా అత్తగారు ఆ పుస్తకం నా చేతికిచ్చినప్పుడు ఆమె చెయ్యి వణికింది. అందులోని వివరాలు దారి చూపడానికి వాడుకోండి, కానీ ప్రతి తేదీనీ అసలు పుస్తకంలో సరిచూడండి. మీరు వెతికే కుటుంబం యూదులదైతే దారి వేరు. దానికి విడిగా ఒక పాఠం రాస్తాను, తొందరపడి రెండు పేరాల్లో చెప్పే విషయం కాదది.

ఈ వారం పని

మాట్రికులాలో ఏదైనా ఒక జర్మన్ కాథలిక్ ఊరు తెరవండి, 1800 తర్వాతి మరణాల పుస్తకం. కొన్ని లాటిన్‌లో ఉంటాయి. కురెంట్‌లో ఉన్నది దొరికేదాకా ఊళ్లు మార్చండి. ఒక పేజీ ఎంచుకుని, పేర్లు అర్థం కాకపోయినా పర్లేదు, నెలల పేర్లన్నీ గుర్తుపట్టండి. వాటిలోంచి ఆ పాస్టర్ అక్షరాల కాగితం మొదలుపెట్టండి.

ఇక ఒక లెక్క. ఒకామె 1821 మే 2న, 57 ఏళ్ల 2 నెలల 10 రోజుల వయసులో చనిపోయింది. ఎప్పుడు పుట్టింది? పుట్టిన ఏడాది ఫిబ్రవరికి ఎన్ని రోజులో చూసుకుని మరీ చెప్పండి. జవాబు వచ్చే పాఠంలో, హాంబుర్గ్ ఓడల జాబితాలు తెరిచే ముందు.