ఏసీ గదిలో లిక్విడ్ నైట్రోజన్: ఈ ఎండాకాలం ల్యాబ్‌కి వచ్చేవాళ్లకు

మే నెలలో ప్రాజెక్టు విద్యార్థులు ల్యాబులకు వస్తారు. బయట ఎండ మండిపోతుంటుంది, లోపల ఏసీ వేసి తలుపులు బిగిస్తారు. కణాలు దాచుకునే లిక్విడ్ నైట్రోజన్ డబ్బా కూడా చాలాచోట్ల ఆ గదిలోనే ఉంటుంది. మైనస్ 196 డిగ్రీలని వినగానే అందరూ చేతుల గురించి భయపడతారు. నన్నడిగితే ముందు గాలి సంగతి చూసుకోవాలి.

ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మూసిన గదిలో 10 లీటర్లు ఒలికితే, 21 శాతం ఉండే ఆక్సిజన్ 16 దగ్గరికి పడిపోతుంది. 19.5 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు. పైగా ఊపిరాడటం లేదన్న బాధ కలిగేది కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటేనే. ఇక్కడ అది పేరుకోదు కాబట్టి మనిషికి ఏమీ తెలియకుండానే స్పృహ పోతుంది.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఉక్కపోసినా సరే, నింపేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి. ఆక్సిజన్ మానిటర్ మోగితే, మళ్లీ తప్పుడు అలారమే అనుకోకుండా బయటికి రండి. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే మీరు పరుగెత్తుకెళ్లకండి, సహాయానికి ఫోన్ చేయండి. 2021 జనవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కోళ్ల ప్లాంటులో నైట్రోజన్ లీకై ఆరుగురు చనిపోయారు. ఏమైందో చూద్దామని వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

డబ్బాను లిఫ్టులో పంపేటప్పుడు దానితో పాటు ఎవరూ ఎక్కకూడదు. ఒకరు కింద ఎక్కించి, మరొకరు పైన దింపుకోవాలి. డబ్బా మూత ఎప్పుడూ వదులుగానే ఉండాలి, మామూలు ఫ్లాస్కులో పోసి బిగించారంటే పేలుతుంది.

చేతులకు వదులుగా ఉండే క్రయో గ్లవ్స్ (అతి చలిని ఆపే మందపాటి తొడుగులు) వేసుకోండి, ల్యాబులో మామూలుగా వాడే పలచని నైట్రైల్ గ్లవ్స్ పనికిరావు. చెప్పులు వద్దు, ప్యాంటు బూట్లలోకి దోపుకోవద్దు. ద్రవంలో మునిగిన వయల్ (కణాలుండే చిన్న సీసా) లోపలికి నైట్రోజన్ దూరి ఉంటే, 37 డిగ్రీల నీళ్లలో పెట్టగానే పగలొచ్చు. కళ్లజోడు ఉంది కదా అని ఊరుకోవద్దు, ఫేస్ షీల్డ్ ఉండాల్సిందే.

వాక్యూమ్ లైన్‌కు కోల్డ్ ట్రాప్ (ఆవిర్లు పంపులోకి పోకుండా చల్లబరిచి పట్టుకునే పాత్ర) వాడే మెటీరియల్స్ ల్యాబుల వాళ్లకు ఇంకొక జాగ్రత్త. ట్రాప్ నైట్రోజన్‌లో ఉండగా అందులోకి గాలి వదలొద్దు. గాలిలోని ఆక్సిజన్ మైనస్ 183 దగ్గరే ద్రవమవుతుంది, ట్రాప్‌లో చేరిన ద్రావకాలతో కలిస్తే పేలొచ్చు. ట్రాప్‌లో లేత నీలం ద్రవం, అంటే ద్రవ ఆక్సిజన్, కనిపిస్తే కదపకుండా అందరినీ బయటికి పంపి సీనియర్లను పిలవండి.

చర్మం గడ్డకట్టినట్టు అయితే రుద్దకండి, వేడి నీళ్లు పోయకండి. గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.