త్యాగయ్య కృతుల్లో అన్నిటికన్నా గొప్పది ఏదో తేల్చుకోవడం ఎలా

త్యాగరాజస్వామి (1767–1847) కృతుల్లో మనకు దక్కినవి సుమారు 700. అందులో ఏది శిఖరం అని అడిగితే వెంటనే నోటికొచ్చేది సాధారణంగా మనం ఎక్కువసార్లు విన్నదో, మనకిష్టమైన విద్వాంసుడు పాడినదో అవుతుంది. అలా ఎంచుకుంటే ఎంచుకున్నది గాయకుణ్ణి, కృతిని కాదు. అందుకే ముందు కాగితం మీద చదవాలి, తర్వాతే వినాలి.

మొదట చేయవలసింది రకాలు విడదీయడం. ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ దివ్యనామ కీర్తనలూ భజనలో అందరూ కలిసి పాడుకోవడానికి కట్టినవి. నీలాంబరిలో "ఉయ్యాలలూగవయ్య", కురంజిలో "సీతా కల్యాణ వైభోగమే" ఎంత అందంగా ఉన్నా, సంగతులతో (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరసలతో) పెరిగే కచేరీ కృతి పక్కన వాటిని నిలబెడితే వాటికి అన్యాయం జరుగుతుంది. ఘనరాగ పంచరత్నాలదీ వేరే వరుస. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో ఉన్న ఆ ఐదూ ఆదితాళంలో, వరుస చరణాలతో, స్వరసాహిత్యంతో నడుస్తాయి. వాటిని వాటితోనే పోల్చండి. ఇక్కడ మాట్లాడుతున్నది పల్లవి, అనుపల్లవి, చరణం ఉన్న కృతి గురించి.

పేరు చూసి మోసపోయే చోటు ఒకటుంది. "త్యాగరాజ" అన్న మాట కనబడగానే అది త్యాగయ్యదే అనుకోకూడదు. ముత్తుస్వామి దీక్షితుల "త్యాగరాజ యోగ వైభవం"లో త్యాగరాజు తిరువారూరు గుడిలోని దేవుడు. దీక్షితుల ముద్ర, అంటే కృతిలో పెట్టుకునే సంతకం పేరు, "గురుగుహ". పోతే త్యాగయ్య ముద్ర పెట్టి తర్వాతివాళ్లు కట్టినవీ ప్రచారంలో ఉన్నాయి, కాబట్టి శిష్యపరంపరల పాఠంలో ఉన్నవాటికే జాబితాలో చోటివ్వండి.

జాబితా 12 కృతులకు మించకూడదు. అంతకన్నా పెరిగితే ఒక్కొక్కదానికి ఇవ్వవలసిన సమయం ఇవ్వలేం. ఒక రాగానికి ఒకటే తీసుకోండి. తోడి, ఖరహరప్రియ లాంటి రాగాల్లో ఆయన పదేపదే రాశారు కాబట్టి ముందు ఆ రాగంలోనే వడపోత జరగాలి. ఖరహరప్రియలో "చక్కని రాజమార్గములు", "పక్కల నిలబడి", "రామ నీ సమానమెవరు", "మిత్రి భాగ్యమే" నాలుగూ పక్కపక్కన పెట్టుకుని మూడింటిని వదులుకోవడమే మంచి అభ్యాసం. తాళాలు కూడా కలిసి ఉండేలా చూసుకోండి. అన్నీ ఆదితాళం చౌకకాలమే (నెమ్మది నడకే) అయితే నిండుదనమే గొప్పదనం అన్న భ్రమ కలుగుతుంది.

ఇక సాహిత్యం. ఈ మెట్టు దగ్గర తెలుగువాళ్లకున్న అదృష్టం మరొకరికి లేదు, అయినా దీన్నే ఎక్కువమంది దాటేస్తారు. ప్రతి కృతినీ చేత్తో రాసుకోండి. రాగం తీయకుండా మామూలు మాటలా పైకి చదవండి. ద్వితీయాక్షర ప్రాస కింద గీత గీయండి. "నగుమోము గనలేని" తీసుకుంటే నగు, నగరాజ, ఒగి, ఖగరాజు, గగనాని, జగమేలే, వగ అని ప్రతి పాదంలోనూ "గ" గుణింతం పడుతుంది. అంత బిగువు ఉన్నా ఎక్కడా మాట వంకర పోలేదు. గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వేగంగా రాలేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరం అన్నాడా అని అడగడంలో నిష్ఠూరం ఎంత సహజంగా ఉందో చూడండి.

ప్రాస గీతలు గీస్తే మరో లాభం ఉంది. "నిధి చాల సుఖమా"లో "రాముని సన్నిధి", "కర్దమ దుర్విషయ" అన్న చోట్ల "సన్‌" దగ్గరా "కర్" దగ్గరా మాట తెగినట్టు వినిపిస్తుంది. అది గాయకుడి తప్పు కాదు. నిధికి నిధి, దమకు దమ ప్రాస కలవాలని త్యాగయ్యే అలా కూర్చారు. ప్రాస లేని చోట, ఊపిరి చాలక మాటను విరిస్తే అది పాడేవారి తప్పు. ఈ రెండూ వేరు చేయలేకపోతే మంచి కృతినే నిందిస్తాం.

అసలు పరీక్ష దీని తర్వాత వస్తుంది. కృతిలో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. చరణం పూర్తయి పల్లవి ఎత్తుకున్నప్పుడు, మొదట విన్న మాటే అయినా అర్థం ముందుకన్నా పెరగాలి. పెరగకపోతే అది మంచి కృతి కావచ్చుగానీ శిఖరం కాదు. పరీక్షించడం సులువే. చరణంలోని చివరి పాదమూ పల్లవి మొదటి పాదమూ ఒకే వాక్యంగా కలిపి రాయండి, చదవండి.

"నిధి చాల సుఖమా"లో పల్లవి ప్రశ్న: నిధి సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా అని. చరణంలో గంగాస్నానమా బురదబావి స్నానమా, నరస్తుతా కీర్తనా అని జంటలు పెడతారు. గంగాస్నానం దగ్గర మాత్రం మంచిది ముందూ చెడ్డది వెనకా వచ్చేలా వరుస తిప్పేశారు, దాంతో ఆ లెక్కలో విసుగు రాదు. చివర "కీర్తన సుఖమా" అని ముగించి మళ్లీ "నిధి చాల సుఖమా" అనేసరికి అది ప్రశ్నగా మిగలదు. "నగుమోము"లో పల్లవి "శ్రీ రఘువర నీ" దగ్గర ఆగి, "నీ నగుమోము" అంటూ తన మొదటికే వచ్చి కలుస్తుంది. అతుకు కనబడదు.

"చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల ఓ మనసా" ఇంకో మెట్టు పైన ఉంది. పల్లవిలో రాజమార్గం ఏదో చెప్పరు. అనుపల్లవిలో చిక్కని పాలూ మీగడా ఉండగా ఛీ అనిపించే కల్లెందుకు అంటారు, అక్కడా దారి పేరు లేదు. చరణంలో కంటికి సుందరమైన రూపం, ముక్కంటి నోట వెలిగే నామం, త్యాగరాజు ఇంటనే నెలకొన్న దైవం అని పోగుచేసుకుంటూ వచ్చి "ఇటువంటి శ్రీ సాకేత రాముని భక్తియనే" అని వాక్యం మధ్యలో ఆపేస్తారు. అది పల్లవితో కలిస్తేనే పూర్తవుతుంది: భక్తియనే చక్కని రాజమార్గములుండగ. వ్యాకరణమే పాటను వెనక్కి తిప్పుతోంది. ప్రాస చూస్తే కంటికి, ముక్కంటి, జింట, వంటి.

ఇప్పుడు వినండి. ఒక్కో కృతికి మూడు రికార్డింగులు చాలు: పాత తరం విద్వాంసులది ఒకటి, తెలుగు గాయకులది ఒకటి, వాద్యం మీద ఒకటి. తెలుగువారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గురుపరంపర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, మానాంబుచావడి వెంకటసుబ్బయ్యల మీదుగా నేరుగా త్యాగయ్య దాకా వెళుతుంది. వోలేటి వెంకటేశ్వర్లు, నేదునూరి కృష్ణమూర్తి పాటలో మాట శుభ్రంగా వినిపిస్తుంది. వాద్యం ఎందుకంటే, మాటలు లేకుండా కూడా ఆ వరస నిలుస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది. ఒక్క పూటలో మూడు కృతులకు మించి వినకండి, చెవి అలిసిపోతే చివరిదానికి అన్యాయం జరుగుతుంది.

వినేటప్పుడు పల్లవి సంగతులు లెక్కపెట్టడంతో సరిపెట్టుకోకండి. ప్రతి సంగతి దగ్గరా ఏ మాట మీద స్వరం పెరిగిందో రాసుకోండి. నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాల స్వర వరసల్లో విస్తరించి పాడటం) ఎక్కడ చేస్తున్నారో కూడా గమనించండి: "చక్కని రాజమార్గములు"లో "కంటికి సుందరతరమగు" దగ్గర, "నిధి చాల"లో "మమత బంధనయుత" దగ్గర చేయడం వాడుక. విద్వాంసులు ఆ పాదాన్నే ఎంచుకుంటున్నారంటే అక్కడ మాటకూ రాగానికీ సమంగా చోటుంది.

పాఠాంతరాలు ఇక్కడే ఇబ్బంది పెడతాయి. "నగుమోము" ఇప్పుడు ఎక్కువగా చతుశ్రుతి ధైవతంతో (పై స్థాయి 'ద' స్వరంతో) వినిపిస్తుంది. పాత లక్షణం ప్రకారం ఆ కృతి రాగమైన ఆభేరికి శుద్ధ ధైవతం (కింది స్థాయి 'ద'). రెండు పాఠాలూ విన్న తర్వాతే దానిమీద తీర్పు చెప్పండి, లేకపోతే మీరు మెచ్చుకుంటున్నది త్యాగయ్య కూర్పునా, తర్వాతి కాలపు మార్పునా అన్నది తేలదు. అందుకే మొదటి స్థానానికి నేను "నగుమోము"ను పక్కన పెడతాను.

చివరి వడపోతకు మార్కులు వేయకండి. సాహిత్యానికి ఇన్ని, రాగానికి ఇన్ని అని కూడితే ఏ లోపమూ లేని మధ్యరకం కృతి పైకి వస్తుంది. జంటలుగా నిలబెట్టి, ప్రతి జంటలో ఒకదాన్ని తీసేయండి, ఎందుకు తీసేశారో ఒక వాక్యం రాయండి. కారణంలో గాయకుడి పేరు వస్తే ఆ జంటను మళ్లీ వినండి. ఈ పద్ధతిలో నా లెక్కకు చివరికి మిగిలే జంట కల్యాణిలోని "నిధి చాల", ఖరహరప్రియలోని "చక్కని రాజమార్గములు". పల్లవికి తిరిగి చేరే ఆ అసంపూర్ణ వాక్యం కోసం రెండోదానికే ఓటు. తోడినో కాంభోజినో మొదట నిలబెట్టేవాళ్లు "కద్దనువారికి", "ఓ రంగశాయి" చరణాలను ఇలాగే పల్లవితో కలిపి రాసి చూపించాలి.